పాత బెల్జియం బ్రౌనింగ్ ఆటో-5: తేలిక తూటా వేస్తే ఖాళీ డొల్ల లోపలే ఉండిపోతోంది

ఒమాహా_రాజు
మా ఊరి శివార్లలో ఒక ట్రాప్ క్లబ్బు ఉంది, వారాంతాల్లో వెళ్లి క్లే టార్గెట్లు (గాల్లోకి విసిరే మట్టి బిళ్ళలు) కాలుస్తుంటాను. అక్కడ ఓ పెద్దాయన వయసు మీద పడింది, ఇక భుజం సహకరించడం లేదని తన 12 గేజ్ (గొట్టం లావు కొలత) బ్రౌనింగ్ ఆటో-5 షాట్‌గన్, ఒకటి కాల్చగానే తర్వాతి తూటా తనే ఎక్కించుకునే రకం, నాకు అమ్మారు. డీలర్ దగ్గర కాగితాలన్నీ పద్ధతిగా అయ్యాయి. గొట్టం మీద బెల్జియం, హెర్‌స్టాల్ అని చెక్కి ఉంది. నల్లటి ఇనుము అరిగిన చోట వెండిలా తేలింది కానీ తుప్పు మచ్చ ఒక్కటీ లేదు.

సమస్య ఏంటంటే, ఆయన ఇచ్చిన బాతుల వేట తూటాలు వేస్తే గడియారంలా పనిచేస్తుంది. క్లబ్బులో వాడే తేలిక టార్గెట్ తూటా, ఒక ఔన్సు గుళ్ళది, వేస్తే మాత్రం ఒక్కసారి పేలి ఊరుకుంటుంది. ఖాళీ డొల్ల ఛాంబర్‌లోనే (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) ఉంటుంది, బోల్ట్ (దాన్ని వెనక నుంచి మూసే ముక్క) మూసుకునే ఉంటుంది, చేత్తో లాగితే డొల్ల బయట పడుతుంది. క్లబ్బులో కుర్రాళ్ళు చూసి "ఇది మ్యూజియం సరుకు, గోడకి తగిలించు" అంటున్నారు. నిజంగా అంతేనా? ఇంకో మాట, కాల్చినప్పుడు గొట్టం మొత్తం వెనక్కి వస్తోంది, అది అలాగే ఉండాలా?

డల్లాస్_దివ్య
గొట్టం వెనక్కి రావాల్సిందే, కంగారు పడకండి. మిగతా సంగతి పంతులుగారు చూసుకుంటారు. నేనైతే తూటా పేలిన గ్యాస్‌తో నడిచే తుపాకీ వాడతాను, భుజం హాయిగా ఉంటుంది.

సత్యం_మెకానికల్
రాజు గారూ, మీరు రాసిన ఒక్క వాక్యంలోనే జబ్బు దొరికింది. "డొల్ల ఛాంబర్‌లోనే ఉంది, బోల్ట్ మూసుకునే ఉంది" అన్నారు కదా, అంటే గొట్టం పూర్తి దూరం వెనక్కి రావడం లేదు.

పని తీరు చెప్తాను. తూటా పేలగానే గొట్టం, బోల్ట్ ఒకదానికొకటి తాళం పడే ఉంటాయి. ఆ రెండూ కలిసి తూటా నిడివి కంటే ఎక్కువ దూరం వెనక్కి జరుగుతాయి. చివరికి చేరాక బోల్ట్‌ని ఒక కొక్కెం పట్టుకుని ఆపేస్తుంది, గొట్టం ఒక్కటే స్ప్రింగు తోపుకి ముందుకి పోతుంది. డొల్ల అంచుని బోల్ట్ పట్టుకుని ఉంటుంది కాబట్టి గొట్టమే డొల్ల మీద నుంచి జారి తప్పుకుంటుంది. గొట్టం తోకకి ఉన్న ఎజెక్టర్ తగలగానే డొల్ల కుడి పక్కకి ఎగిరిపోతుంది. అప్పుడు కొక్కెం వదులుతుంది, మడమలో (భుజానికి ఆనించే వెనక కర్రలో) ఉన్న ఇంకో స్ప్రింగు బోల్ట్‌ని ముందుకి తోస్తుంది, కింద గొట్టపు మ్యాగజైన్ (మిగతా తూటాలు వరసగా ఉండే గొట్టం) నుంచి వచ్చిన కొత్త తూటా పైకి లేచి ఛాంబర్‌లోకి వెళ్తుంది. దీన్నే లాంగ్ రీకాయిల్ అంటారు.

తేలిక తూటాకి వెనక్కి తన్నే బలం తక్కువ. బోల్ట్ ఆ కొక్కెం దాకా రాకపోతే తాళం విడదు, గొట్టమూ బోల్టూ కలిసే తిరిగి ముందుకి పోతాయి, డొల్ల కదలనే కదలదు. మీకు జరుగుతున్నది అదే.

మెల్‌బోర్న్_మోహన్
నాకైతే స్ప్రింగు వీకయిపోయిందనిపిస్తోంది. పాత తుపాకీ, అన్నేళ్ల స్ప్రింగు. ముందు అది మార్చండి రాజు గారూ.

సత్యం_మెకానికల్
మోహన్, స్ప్రింగు వీకైతే గొట్టం ఇంకా సులువుగా వెనక్కి వస్తుంది కదా, రాకపోవడం ఎందుకుంటుంది? వీక్ స్ప్రింగు అయితే గొట్టం గట్టిగా వచ్చి వెనక గుద్దుకుంటుంది, ముందు కర్ర (గొట్టం కింద చేత్తో పట్టుకునే చెక్క) చీలుతుంది. ఇక్కడ లక్షణం అందుకు పూర్తిగా వ్యతిరేకం.

పాతతుపాకుల_పంతులు
సత్యం చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ తుపాకీకి ఏ జబ్బూ లేదు, ఆ పెద్దాయన వేట తూటాలకని లోపలి ఉక్కు రింగుని బరువు తూటాల పద్ధతిలో పెట్టి ఉంచారు. మీరు తేలిక పద్ధతికి మార్చుకోవాలి, అంతే.

ఛాంబరూ మ్యాగజైనూ రెండూ ఖాళీ అని కళ్ళతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాక మ్యాగజైన్ మూత తిప్పి ముందు కర్ర తీయండి. మ్యాగజైన్ గొట్టం చుట్టూ పొడుగాటి స్ప్రింగు కనిపిస్తుంది. దాని దగ్గరే రెండు చిన్న వస్తువులు ఉంటాయి. ఒకటి చీలిక ఉన్న కంచు ముక్క, ఇది మ్యాగజైన్ గొట్టాన్ని చుట్టూ కౌగిలించుకుని ఉంటుంది. రెండోది ఉక్కు రింగు, దానికి ఒకవైపు చదును, ఇంకోవైపు లోపలికి ఏటవాలు.

బరువు తూటాలకి (గొట్టం మూతి పైకి ఉందనుకుని చూడండి): ముందు స్ప్రింగు, దాని మీద ఉక్కు రింగు, ఏటవాలు కంచు ముక్క వైపు ఉండాలి, దాని మీద కంచు ముక్క, ఆ పైన గొట్టం. గొట్టం వెనక్కి వస్తుంటే కంచు ముక్క రెండు వైపులా ఏటవాలుల మధ్య నలిగి మ్యాగజైన్ గొట్టాన్ని బిగించి పట్టుకుంటుంది, సైకిల్ బ్రేకు రిమ్ముని పట్టినట్టు. దెబ్బ సగం అక్కడే చస్తుంది.

తేలిక తూటాలకి: ఉక్కు రింగుని తీసి స్ప్రింగు కింద, రిసీవర్‌కి (బోల్ట్ ఉండే ఇనుప పెట్టెకి) ఆనించి పెట్టేయాలి. కంచు ముక్క ఒక్కటే పైన ఉంటుంది. పట్టు తగ్గుతుంది, గొట్టం స్వేచ్ఛగా వెనక్కి వస్తుంది.

మళ్ళీ బరువు తూటాలు వాడే రోజున రింగు తిరిగి స్ప్రింగు మీదికి మార్చడం మర్చిపోకూడదు. తేలిక అమరికలో బాతుల తూటాలు వరసపెట్టి కాల్చి ముందు కర్రలు పగలగొట్టుకున్న వాళ్ళని మా పెన్సిల్వేనియాలో బోలెడుమందిని చూశాను. పాత ఆటో-5 కొనేటప్పుడు ముందు కర్ర లోపల చీలిక ఉందా అని అందరూ చూసేది ఇందుకే.

ఒమాహా_రాజు
పంతులుగారూ, ఇప్పుడే విప్పి చూశాను. మీరు చెప్పినట్టే రింగు స్ప్రింగు మీద ఉంది. మ్యాగజైన్ గొట్టం మీద నూనె ఎంత పూయాలి? పెద్దాయన ఇచ్చినప్పుడు పొడిగా ఉంది.

పాతతుపాకుల_పంతులు
నూనె గుడ్డతో ఒకసారి తుడిచి, పొడి గుడ్డతో ఇంకోసారి తుడవండి. ఆ పలచటి పొర చాలు. నూనె కారుతుంటే కంచు ముక్కకి పట్టు దొరకదు, భుజం వాచిపోతుంది. బొత్తిగా పొడిగా ఉంటే పట్టు ఎక్కువై మీకిప్పుడు వచ్చిన సమస్యే వస్తుంది.

ఒమాహా_రాజు
రింగు కింద పెట్టి క్లబ్బుకి తీసుకెళ్ళాను. అవే టార్గెట్ తూటాలు, ఒక్కటి కూడా ఆగలేదు. గోడకి తగిలించమన్న కుర్రాడు అడిగి మరీ తీసుకుని కాల్చాడు. అందరికీ థాంక్స్. ఇప్పుడు దీని చరిత్ర తెలుసుకోవాలనిపిస్తోంది. దీన్ని వించెస్టర్ తుపాకుల కంపెనీ వాళ్ళు వద్దన్నారని పెద్దాయన అన్నారు, నిజమేనా?

పాతతుపాకుల_పంతులు
నిజమే, తుపాకుల చరిత్రలో అంత ఖరీదైన "వద్దు" ఇంకోటి లేదు.

జాన్ మోజెస్ బ్రౌనింగ్ యూటా రాష్ట్రం ఆగ్డెన్ ఊరివాడు, 1855లో పుట్టాడు, తండ్రిది తుపాకులు బాగుచేసే దుకాణం. 1883 నుంచి తను కనిపెట్టిన డిజైన్లన్నీ వించెస్టర్‌కే ఇస్తూ వచ్చాడు. పద్ధతి ఏంటంటే డిజైన్‌కి ఒకే మొత్తం చేతిలో పెట్టేవాళ్ళు, తర్వాత ఎన్ని లక్షలు అమ్ముడుపోయినా ఇతనికి పైసా రాదు. అలా నలభైకి పైగా డిజైన్లు కొన్నారు, వాటిలో చాలావాటిని తయారు చేయనే లేదు, పోటీ కంపెనీ చేతికి పోకుండా బీరువాలో పెట్టుకున్నారు.

1890ల చివర్లో ఈ ఆటోలోడింగ్ షాట్‌గన్ తయారైంది, 1900 అక్టోబర్‌లో పేటెంటు వచ్చింది. దీని విలువ ఏంటో బ్రౌనింగ్‌కి తెలుసు. ఈసారి ఒకే మొత్తం కుదరదు, అమ్మిన ప్రతి తుపాకీకి రాయల్టీ కావాలన్నాడు. వించెస్టర్ పెద్ద టి.జి. బెన్నెట్ నాన్చి నాన్చి చివరికి ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళ స్నేహం అక్కడితో తెగిపోయింది.

రెమింగ్టన్ అనే పోటీ కంపెనీ దగ్గరికి వెళ్ళాడు. 1902 జనవరి 8న వాళ్ళ అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్లీని కలవాలి. ఈయన ఆఫీసులో కూర్చుని ఎదురుచూస్తుండగానే హార్ట్లీ గుండెపోటుతో పోయాడన్న కబురు వచ్చింది. ఇక ఓడెక్కి బెల్జియం వెళ్ళాడు.

వించెస్టర్_వీరాభిమాని
ఈ కథ ప్రతిచోటా బ్రౌనింగ్ వైపు నుంచే చెప్తారు, బెన్నెట్‌ని తెలివితక్కువ వాడిలా చూపిస్తారు. ఆయన వైపు నుంచి కూడా ఆలోచించండి. అప్పటికి వించెస్టర్ పంప్ షాట్‌గన్ (ప్రతిసారీ చేత్తో లాగి తూటా ఎక్కించే రకం), మోడల్ 1897, అదీ బ్రౌనింగ్ డిజైనే, వేడి వేడిగా అమ్ముడవుతోంది. సొంత సరుకుకే పోటీగా కొత్త యంత్రాలు, కొత్త పనిముట్లు పెట్టి ఇంకా ఎవరూ అమ్మి చూడని రకం తయారు చేయాలి. పైగా ఒకసారి రాయల్టీ ఇస్తే తర్వాత ప్రతి డిజైన్‌కీ అదే అడుగుతారు. తయారీకి పెట్టుబడి ఎవరిది? నష్టం వస్తే ఎవరిది? ఒక్క డాలరు రాకపోయినా బ్రౌనింగ్‌కి ముందే డబ్బులిచ్చి కొన్న డిజైన్లు ఎన్నున్నాయో పంతులుగారే చెప్పారు.

పాతతుపాకుల_పంతులు
మీ వాదనలో బలం ఉంది, కాదనను. కానీ కొని బీరువాలో పెట్టింది దానధర్మం కాదు కదండీ, పోటీదారుడి నోరు కట్టడానికి. బెల్జియంలో ఫాబ్రీక్ నాసియోనాల్ అనే తుపాకుల కంపెనీ వాళ్ళు అప్పటికే అతని పిస్టల్‌కి రాయల్టీ ఇస్తున్నారు. బయట ఒకడు ఇస్తుంటే ఇంట్లో వాడు ఇవ్వనంటే ఎవరుంటారు?

లియేజ్_లక్ష్మి
నేను ఉద్యోగరీత్యా లియేజ్‌లో ఉంటాను, హెర్‌స్టాల్ ఇక్కడికి పక్కనే, మ్యూజ్ నది వెంబడి. ఈ ఊళ్ళో తుపాకుల పని శతాబ్దాల నాటిది, ఇళ్ళల్లోనే గొట్టాలు, తాళాలు, చెక్కుడు పని చేసేవాళ్ళు. గ్రాన్ కుర్టియస్ మ్యూజియంలో ఆయుధాల విభాగం చూస్తే ఆ పనితనం అర్థమవుతుంది. రాజు గారి తుపాకీ రిసీవర్ మీద సన్నటి తీగల చెక్కడం ఉంటే ఒకసారి భూతద్దం పెట్టి చూడండి, గీతల లోతు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, చేత్తో ఉలి పట్టి చేసినది.

1902 మార్చిలో ఇక్కడి ఫాబ్రీక్ నాసియోనాల్‌తో ఒప్పందం అయింది, బ్రౌనింగ్ తనే మొదటి ఆర్డర్ పదివేల తుపాకులకి ఇచ్చాడు. 1903 నుంచి అమ్మకాలు మొదలయ్యాయి. ఆయన చివరి ఊపిరి కూడా ఇక్కడే, 1926 నవంబర్ 26న ఫ్యాక్టరీలో, కొడుకు వాల్ ఆఫీసులో గుండె ఆగింది. ఇప్పటికీ ఇక్కడి పాత పనివాళ్ళ కుటుంబాలు ఆ పేరుని ఇంట్లో మనిషి పేరులా పలుకుతాయి.

కాకినాడ_కిరణ్
మరి రెమింగ్టన్ మోడల్ 11 అని ఇంకోటి ఉంది కదా, ఫోటోల్లో రెండూ ఒకేలా ఉన్నాయి. కాపీ కొట్టారా?

పాతతుపాకుల_పంతులు
కాపీ కాదు తమ్ముడూ, లైసెన్సు. బెల్జియం నుంచి తెచ్చే తుపాకుల మీద అమెరికాలో దిగుమతి సుంకం బరువు. అందుకని అమెరికాలో తయారుచేసే హక్కు రెమింగ్టన్‌కి ఇచ్చారు. 1905 నుంచి 1947 దాకా చేశారు, ఎనిమిది లక్షలు దాటాయి. బెల్జియం దానికి మ్యాగజైన్ కటాఫ్ అని ఎడమ పక్క ఒక మీట ఉంటుంది. అది వేస్తే మ్యాగజైన్‌లో తూటాలు కదలవు, చేత్తో ఒకటే వేరే రకం తూటా పెట్టి కాల్చవచ్చు. రెమింగ్టన్‌కి అది ఉండదు. తేడా పట్టడానికి ముందు అది చూడు. తర్వాత సావేజ్ కంపెనీ కూడా 1930 నుంచి ఇదే రకం చేసింది, మోడల్ 720 పేరుతో. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు బెల్జియం ఆక్రమించినప్పుడు బ్రౌనింగ్ పేరు మీద రెమింగ్టనే చేసి ఇచ్చింది.

వించెస్టర్_వీరాభిమాని
పంతులుగారు ఒకటి వదిలేశారు, మా వాళ్ళకి తలవంపులైనా నేనే చెప్తాను. వద్దన్న తర్వాత వించెస్టర్ సొంతంగా ఆటోలోడర్ చేయాలనుకుంటే బ్రౌనింగ్ పేటెంటు అడ్డం వచ్చింది. ఆ పేటెంటు గట్టిగా రాయడానికి సాయపడింది వించెస్టర్ మనుషులే, వాళ్ళలో టి.సి. జాన్సన్ ఒకడు. ఇప్పుడు అదే జాన్సన్ ఆ గోడని తప్పించుకుంటూ ఇంకో తుపాకీ చేయాలి. చివరికి మోడల్ 1911 వచ్చింది. బోల్ట్‌కి పిడి పెట్టడానికి వీల్లేదు, అది బ్రౌనింగ్ పేటెంటులో ఉంది. దాంతో గొట్టం మీద గరుకుగా గీతలు చెక్కారు, అక్కడ పట్టుకుని గొట్టాన్నే వెనక్కి లాగాలి. తడిసి ఉబ్బిన కాగితపు తూటా ఇరుక్కుంటే చేతి బలం చాలక, మడమ నేలకి ఆనించి గొట్టం మూతి తమ వైపు పెట్టుకుని కిందికి తోసిన వాళ్ళున్నారు. తూటా పేలి ప్రాణాలు పోయాయి. లోపల దెబ్బ ఆపడానికి పెట్టిన ఫైబర్ వాషర్లు కూడా ఏళ్ళు గడిస్తే పొడి అయిపోతాయి, మడమ కర్ర చీలిపోతుంది. 1925లో ఆపేశారు. ఎవరి ఇంట్లోనైనా ఉంటే దయచేసి కాల్చకండి, దాచుకోండి.

డల్లాస్_దివ్య
ఇది తెలీదు నాకు. మా క్లబ్బులో ఒకాయన దగ్గర ఆ మోడల్ ఉంది, ఈ వారమే చెప్తాను.

సత్యం_మెకానికల్
పేటెంటు గోడ తప్పించుకోవడంలో ఇంకా అందమైన దారి స్వీడన్‌లో తొక్కారు. యాక్సెల్ సియోగ్రెన్ అనే ఆయన గొట్టం కదలకుండా, మొత్తం తుపాకీ వెనక్కి తన్నేటప్పుడు లోపల ఒక బరువు ముక్క జడత్వంతో వెనకబడటాన్ని వాడుకున్నాడు. డెన్మార్క్‌లో 1908 ప్రాంతంలో కొన్ని వేలు మాత్రమే తయారయ్యాయి. వ్యాపారంగా నిలవలేదు. కానీ ఆ సూత్రమే 1960ల్లో ఇటలీలో బెనెల్లి చేతిలో బతికి బట్టకట్టింది. 2012లో బ్రౌనింగ్ వాళ్ళు ఏ5 అని మళ్ళీ ఒకటి తెచ్చారు చూడండి, మూపురం ఆకారం పాతదే, లోపల నడిచేది మాత్రం జడత్వంతోనే. పాత దానితో పోలిక పైపైనే.

డల్లాస్_దివ్య
మూపురం అంటే గుర్తొచ్చింది, ఏమీ అనుకోకండి, అంత అనాకారిగా చేయడానికి కారణం ఏదైనా ఉందా? తుపాకీ వెనక భాగం ఎవరో కత్తితో తెగనరికినట్టుంది.

పాతతుపాకుల_పంతులు
దివ్యా, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోనమ్మా. గొట్టమూ బోల్టూ కలిసి తిన్నగా వెనక్కి వెళ్ళడానికి రిసీవర్‌లో చివరి దాకా చోటు కావాలి, అందుకే పైభాగం వాలకుండా తిన్నగా పోయి ఒక్కసారిగా తెగుతుంది. దానితో ఇంకో లాభం, కంటి ముందు గొట్టం మూతి దాకా ఒకే తిన్నటి గీత దొరుకుతుంది. వేగంగా లేచే పిట్ట మీదికి తుపాకీ ఎత్తినప్పుడు ఆ మూపురం కంటి అంచున కనిపించి, చెంప సరిగ్గా ఆనిందో లేదో చెప్పకనే చెప్తుంది. అలవాటైన వాళ్ళు వేరే తుపాకీకి మారలేరు. నా కంటికి అంతకన్నా అందమైన షాట్‌గన్ లేదు.

డల్లాస్_దివ్య
సరే పంతులుగారూ, మీ ప్రేమకి అడ్డం రాను. కానీ ఆ రెండు కుదుపులు నాకు నచ్చవు. గొట్టం వెనక్కి వచ్చి ఒకసారి, ముందుకి పోయి ఇంకోసారి. స్కీట్‌లో (రెండు వైపుల నుంచి ఎగిరే క్లే టార్గెట్లు కాల్చే ఆట) రెండో టార్గెట్ మీదికి వెళ్ళేసరికి మూతి ఊగుతూనే ఉంటుంది. 1963లో రెమింగ్టన్ 1100 వచ్చాక టార్గెట్ షూటర్లు గ్యాస్ వైపు ఊరికే పోలేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల్లో మెషిన్‌గన్ పట్టే గన్నర్లకి శిక్షణ ఈ మోడల్ 11తోనే మొదలయ్యేది. ముందు స్కీట్ మైదానంలో, తర్వాత కదులుతున్న ట్రక్కు వెనక నిలబెట్టి క్లే టార్గెట్లు కాల్పించేవాళ్ళు. తను కదులుతూ, కదిలే దానికి ఎంత ముందు గురిపెట్టాలో ఒంటికి పట్టాలి. కదిలే టార్గెట్‌కి ముందు కాల్చడం నేర్పేటప్పుడు మా కోచ్ ఇప్పటికీ ఆ శిక్షణ గురించి చెప్తారు.

బాగన్‌దాతో_బాబు
మలేసియా తెలుగువాణ్ణి. మా పెద్దలు పెరాక్‌లో కొబ్బరి తోటల పనికి వచ్చినవాళ్ళు. 1948 నుంచి 1960 దాకా ఇక్కడ కమ్యూనిస్టు గెరిల్లాలతో జరిగిన పోరులో బ్రిటిష్ గస్తీ దళాలు ఆటో-5, మోడల్ 11 వాడాయి. అడవిలో ముందు నడిచే మనిషి చేతిలో పెట్టేవాళ్ళు. చుట్టూ పచ్చదనం గోడలా ఉండి కొన్ని గజాలకి మించి కనపడదు, రైఫిల్‌తో గురిపెట్టే వ్యవధి ఉండదు. తోటల లైన్ల (కూలీల ఇళ్ళ వరసల) చుట్టూ ముళ్ళకంచె, రాత్రి కర్ఫ్యూ, బియ్యం కూడా లెక్కపెట్టి ఇవ్వడం, ఇవన్నీ మా నానమ్మ చెప్పేది. తుపాకీ అందం గురించి మాట్లాడుకునేటప్పుడు ఇది కూడా గుర్తుండాలని రాస్తున్నాను.

పాతతుపాకుల_పంతులు
రాసి మంచి పని చేశారు బాబు గారూ. చాలామంది దీన్ని వేటతోనే ముడిపెట్టి చూస్తారు.

కాకినాడ_కిరణ్
నాది వేరే బాధ. కొల్లేరుకీ కోరంగికీ పక్షుల్ని చూడ్డానికి తిరిగేవాణ్ణి. ఒక్క మనిషి చేతిలో వరసగా అయిదు తూటాలు కాల్చే తుపాకీ పెట్టాక బాతులూ పావురాలూ మిగులుతాయా? ప్యాసెంజర్ పావురం అమెరికాలో అంతరించింది ఇలాంటి వాటి వల్లే కదా?

మిన్నెసోటా_మావయ్య
కిరణ్, నీ బాధ న్యాయమైనదే, కానీ నేరం వేరేవాళ్ళది. ప్యాసెంజర్ పావురాలు ఆటో-5 అమ్మకానికి రాకముందే అడవిలో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1914లో సిన్సినాటి జూలో చనిపోయింది చివరి పక్షి. మార్కెట్‌కి అమ్మే వేటగాళ్ళు వలలతో, గూళ్ళ దగ్గర గుంపుల్ని చంపి రైళ్ళల్లో పంపారు. అడవులు నరకడం ఒకటి.

అయినా నీలాంటి భయం అప్పట్లోనే ఉంది. విలియం హార్నడే అనే జంతు సంరక్షకుడు ఆటోమేటిక్ షాట్‌గన్ల మీద పెద్ద పోరాటమే చేశాడు. పంతులుగారి పెన్సిల్వేనియాలో 1907లోనే వేటకి వీటిని నిషేధించారు.

పాతతుపాకుల_పంతులు
అవును, మా రాష్ట్రంలో అలా నిషేధించారు. నా దృష్టిలో అది అతి. ఎన్ని పక్షులు కొట్టాలో పరిమితి పెట్టాలి కానీ యంత్రాన్ని తప్పు పట్టి ఏం లాభం?

మిన్నెసోటా_మావయ్య
ఇక్కడ మీతో నేను పూర్తిగా ఏకీభవించను పంతులుగారూ. పరిమితి కాగితం మీద ఉంటుంది, చిత్తడిలో తెల్లవారుజామున లెక్కచూసేవాడు ఉండడు. వలస పక్షులకి మూడు తూటాల నిబంధన 1935లో వచ్చింది, అది మంచి నిబంధన. మ్యాగజైన్‌లో చెక్క పుల్ల పెట్టి రెండే పట్టేలా చేస్తారు, ఛాంబర్‌లో ఒకటి. కొందరు తుపాకీ కొన్నాక ఆ పుల్ల తీసి పారేస్తారు. రాజు, నీ దాంట్లో పుల్ల ఉందో లేదో చూసుకో, బాతుల సీజన్‌లో వేట నియమాలు చూసే వార్డెన్ మొట్టమొదట చూసేది అదే.

నేను వేటాడతాను, పట్టిన పక్షిని వండుకు తింటాను. ప్రతి ఏడూ డక్ స్టాంపు (బాతుల వేటకి ప్రభుత్వం అమ్మే స్టాంపు) కొంటాను. 1934 నుంచి ఆ స్టాంపుల డబ్బుతో చిత్తడి నేలలు కొని కాపాడుతున్నారు. 1937 చట్టం ప్రకారం తుపాకులూ తూటాల మీద పన్ను కూడా వన్యప్రాణులకే పోతుంది. తుపాకీ చేతబట్టినవాడే ఎక్కువ నియమం పాటించాలని నా పట్టుదల, అందుకే మూడు చాలు.

కాకినాడ_కిరణ్
మావయ్యగారూ, స్టాంపు సంగతి నాకు కొత్త. చిత్తడి నేల కొనడానికి వేటగాడి డబ్బు వాడటం బాగుంది. మన కొల్లేరులో చేపల చెరువుల కోసం గట్లు కట్టుకుంటూ పోతే పక్షుల్ని చంపడానికి తుపాకీ అవసరమే లేకపోయింది.

ఇంకో ప్రశ్న. మా తాతగారి తరంలో గోదావరి జిల్లాల పెద్ద ఇళ్ళల్లో లైసెన్సు తుపాకులు ఉండేవి, ఎక్కువగా డబుల్ బ్యారెల్. ఈ ఆటో రకం ఇప్పుడు మనవాళ్ళు కొనగలరా?

సత్యం_మెకానికల్
లేదు. మన ఆయుధాల నియమాల్లో సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఆంక్షలున్న వర్గంలోకి వస్తుంది. కలెక్టర్ ఇచ్చే మామూలు లైసెన్సు మీద రాదు. డబుల్ బ్యారెల్, పంప్ లాంటివి వేరు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి గరిష్ఠంగా రెండు ఆయుధాలే. ఇక వేట అంటావా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ ముచ్చట తీరిపోయింది.

ఒమాహా_రాజు
మావయ్యగారూ, చూశాను, పుల్ల ఉంది. పెద్దాయన కత్తితో చెక్కుకున్న పుల్లే, చివర ఆయన పేరు మొదటి అక్షరాలు కూడా ఉన్నాయి.

మెల్‌బోర్న్_మోహన్
ఇంతకీ దీని తయారీ ఎప్పుడు ఆగింది?

లియేజ్_లక్ష్మి
బెల్జియంలో 1970ల మధ్య దాకా. ఇక్కడి కూలి ఖర్చులతో అంత చేతిపని గిట్టుబాటు కాలేదు. తర్వాత జపాన్‌లో మిరోకు కంపెనీకి మార్చారు, 1998లో ఆపేశారు. వీడ్కోలుగా కొద్ది సంఖ్యలో ప్రత్యేకంగా కొన్ని చేశారు. మధ్యలో యుద్ధాలు అడ్డం వచ్చినా తొంభై ఏళ్ళకి పైగా అదే సూత్రం, అదే ఆకారం. సేఫ్టీ మీట మొదట ట్రిగ్గర్ ముందుండేది, దాన్ని వెనక్కి అడ్డ బొత్తంగా మార్చారు. కింద నుంచి మొదటి తూటా మ్యాగజైన్‌లోకి తోస్తే అదే ఛాంబర్‌లోకి ఎక్కే ఏర్పాటు 1950ల్లో కలిపారు. పెద్ద మార్పులంటే ఇవే.

తెనాలి_తేజ
ఇన్నాళ్ళుగా చదువుతున్నాను, ఇప్పుడు అడుగుతున్నా. నేను విస్కాన్సిన్‌లో ఉంటాను. ఇక్కడ ఒకచోట యుద్ధానికి ముందు నాటి బెల్జియం ఆటో-5, 16 గేజ్, అమ్మకానికి ఉంది. తేలిగ్గా ఉంటుందని, స్వీట్ సిక్స్‌టీన్ అని అమ్మేవాడు ఊరిస్తున్నాడు. తీసుకోవచ్చా? బాతులకీ నెమలికోళ్ళకీ (ఫెజెంట్ పక్షులకి) వాడదామని.

మిన్నెసోటా_మావయ్య
ఆగు తేజా, తొందరపడకు. యుద్ధానికి ముందు 16 గేజ్‌లో చాలావాటికి ఛాంబర్ పొట్టి, 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి 70 మిల్లీమీటర్ల తూటాలు. అవి లోపలికి సాఫీగానే వెళ్తాయి, అదే ప్రమాదం. పేలినప్పుడు తూటా మూతి దగ్గరి మడత విప్పుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది, డొల్ల కూడా సరిగా బయటికి రాదు. అమ్మేవాడి మాట నమ్మకు, మంచి గన్‌స్మిత్ దగ్గర కొలత పనిముట్టు పెట్టి ఛాంబర్ కొలిపించు. కొందరు ఛాంబర్ పెంచి, డొల్ల బయటపడే కిటికీ కూడా సరిచేయించి ఉంటారు, ఆ పని ఎవరు చేశారో అడుగు.

రెండోది, బాతుల వేటకి 1991 నుంచి దేశమంతా సీసం గుళ్ళు నిషేధం. పాత బెల్జియం గొట్టాల్లో ఉక్కు గుళ్ళు వాడొద్దని బ్రౌనింగ్ వాళ్ళే చెప్తారు. మెత్తటి బిస్మత్ అనే లోహపు గుళ్ళు కొనాలి, ఖరీదు బాగా ఎక్కువ. బాతులే ముఖ్యమైతే చోక్ ట్యూబులున్న (గొట్టం మూతి ఇరుకుని మార్చుకునే చిన్న గొట్టాలు) జపాన్ గొట్టం 12 గేజ్ చూసుకో. నెమలికోళ్ళకైతే సీసం అనుమతి ఉన్న నేలల్లో ఆ 16 హాయిగా పనికొస్తుంది, రోజంతా మోసినా చేయి లాగదు.

తెనాలి_తేజ
కొలిపించమంటే అమ్మేవాడు "అందరూ 70 వేసే కాలుస్తున్నారు" అన్నాడు.

పాతతుపాకుల_పంతులు
ఆ మాటన్నవాడి దగ్గర కొలవకుండా ఒక్క డాలరు కూడా పెట్టకు. కొలిచి 65 వచ్చినా తుపాకీ చెడ్డదని కాదు, ఆ 65 మిల్లీమీటర్ల తూటాలు ఇప్పటికీ తయారు చేసేవాళ్ళున్నారు, ధర తగ్గించి అడుగు. ధర మాట్లాడేముందు ముందు కర్ర విప్పించి లోపల చీలిక ఉందా, ఉక్కు రింగూ కంచు ముక్కా రెండూ ఉన్నాయా, మ్యాగజైన్ గొట్టం మీద గాట్లు పడ్డాయా చూసుకో. ఫోటోలు తీసి ఇక్కడ పెట్టు, ఎడమ పక్క కటాఫ్ మీట కూడా కనపడేలా తియ్యి.